బ్లాకులు లేకున్నా గుండెనొప్పి ఎందుకు?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. యాంజియోగ్రామ్‌లో బ్లాకుల్లేవు గానీ, రక్తనాళాల లోపలి పొర సరిగా పనిచేయడం లేదన్నారు. పొర పాడైతే నొప్పి ఎందుకొస్తుంది? నాలుక కింద పెట్టుకునే మాత్రతోనూ పూర్తిగా తగ్గడం లేదు.

జవాబు: ఆ పొర పేరు ఎండోథీలియం. మందం ఒక్క కణమే. విశ్రాంతిలో గుండె కండరానికి నిమిషానికి సుమారు 250 మి.లీ. రక్తం అందుతుంది. అందులోని ఆక్సిజన్‌లో 70 శాతం దాకా గుండె అప్పటికే వాడేసుకుంటుంది. కాబట్టి శ్రమ పెరిగితే రక్తమే ఎక్కువ రావాలి, ఒక్కోసారి నాలుగైదు రెట్లు.

రక్తం జోరుగా పారుతూ పొరను ఒరుసుకున్నప్పుడు, ఆ కణాలు ఎల్-ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తాయి. అది పక్కనున్న నాళపు కండర కణాల్లోకి చేరి వాటిని సడలిస్తుంది, నాళం వెడల్పవుతుంది. లెక్క ప్రకారం, రక్తపు ఒత్తిడి మారకుండా నాళం వ్యాసార్ధం 10 శాతం పెరిగితే ప్రవాహం 46 శాతం పెరుగుతుంది! నైట్రిక్ ఆక్సైడ్ ఆయువు కొద్ది సెకన్లే, ఎప్పటికప్పుడు పుడుతుండాలి. పొగతాగడం, షుగరు, బీపీ, చెడు కొలెస్ట్రాల్ దాన్ని పుట్టినచోటే నాశనం చేస్తాయి. అప్పుడు నాళాన్ని బిగించే ఎండోథీలిన్ అనే పదార్థానిదే పైచేయి, శ్రమకు తగ్గ రక్తం అందక గుండె నొప్పి పుడుతుంది.

1980లో అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళాలపై చూపించింది ఇదే: పొర ఉంటే ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనానికి నాళం సడలింది, పొర గీకేస్తే బిగుసుకుంది. ఆ దారిలో సాగిన పరిశోధనకు 1998లో నోబెల్ వచ్చింది. ఇవాళ గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనిలోకి ఎసిటైల్‌కోలిన్ ఎక్కించి పొరను పరీక్షించేదీ ఈ సూత్రంతోనే.

యాంజియోగ్రామ్‌లో అర మి.మీ. కన్నా సన్నని నాళాలు కనిపించవు. ప్రవాహాన్ని ఎక్కువగా అదుపుచేసేవి అవే. రిపోర్టు బాగుందని మీ నొప్పిని భ్రమ అనడం సరికాదు.

ఇక నాలుక కింద మాత్ర సంగతి. అందులో ఉండేది నైట్రోగ్లిజరిన్, నైట్రేట్ రకం మందు. పొర సాయం లేకుండానే అది నైట్రిక్ ఆక్సైడ్‌ను అందిస్తుంది. కానీ బాగా సన్నని నాళాలు నైట్రోగ్లిజరిన్‌ను అలా మార్చుకోలేవు, అందుకే ఉపశమనం అరకొర. గుండె శ్రమ తగ్గించే బీటా బ్లాకర్లో, నాళాలను సడలించే కాల్షియం ఛానల్ బ్లాకర్లో మీకు ఏది నప్పుతుందో డాక్టరునే అడగండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు, పొగ మానడం, రోజూ నడక పొరనే బాగుచేసే దారులు. అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు నైట్రేట్ ముట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చి తగ్గకపోతే, బ్లాకుల్లేవు కదా అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.