తాడు పట్టుకున్న మనిషి కనబడే చోట కూర్చోండి

మీ పట్టణంలో కొత్తగా ఏర్పడిన ఏరియల్ డాన్స్ (పైనుంచి వేలాడే వస్త్రాలు, ఊయలల సాయంతో గాలిలో ఆడే నృత్యం) బృందం తొలి ప్రదర్శన ఇస్తోందని, అది చూడదగినదేనా, ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది అని అడిగారు. తప్పకుండా వెళ్ళండి, కానీ ముందు వరుస మధ్యలో మాత్రం కూర్చోకండి. ఇంత గట్టిగా చెప్పడానికి నాకున్న అర్హత ఒక్క సాయంత్రమే, అయినా చెబుతాను.

నేను అమెరికాలోని కొలరాడోలో, బౌల్డర్‌కు దగ్గరలో ఉంటాను. నాన్సీ స్మిత్ 1988లో ఫ్రీక్వెంట్ ఫ్లయర్స్ అనే ఏరియల్ డాన్స్ బృందాన్ని స్థాపించిన ఊరు అది. 1999లో అక్కడ ఏరియల్ డాన్స్ ఉత్సవం కూడా మొదలైంది. అందువల్ల ఈ విద్య నేర్చినవారు చుట్టుపక్కల తారసపడుతూనే ఉంటారు. అటువంటివారు కొందరు కలిసి మా పట్టణంలో ఇచ్చిన తొలి ప్రదర్శనకు, ఆలస్యంగా టికెట్టు కొన్న పాపానికి, నాకు ఎడమ చివర స్తంభం పక్కన కుర్చీ దొరికింది. అది ఒక పాత గిడ్డంగి. ఎత్తయిన పైకప్పు, బరువు మోయగల దూలం ఉన్న చోటు దొరకడమే ఈ బృందాలకు మొదటి కష్టం. స్తంభం అడ్డొచ్చి వేదికలో మూడో వంతు నాకు కనబడలేదు. మధ్యలో కూర్చున్నవారు ఇచ్చినంత డబ్బే నేనూ ఇచ్చాను కదా అని లోలోపల గొణుక్కున్నాను.

అయితే వేదిక పక్కన నల్లబట్టలతో తాడు పట్టుకొని నిలబడిన ఒక యాభై ఏళ్ళ స్త్రీ ఆ మూల నుంచే కనబడింది. నర్తకి వేలాడే పొడవైన వస్త్రం పైనున్న కప్పీల మీదుగా ఈమె చేతిలోని తాడుకు కలుస్తుంది. ఈమె వెనక్కి నడిస్తే నర్తకి పైకి లేస్తుంది, ముందుకు నడిస్తే కిందికి దిగుతుంది. నర్తకి ఒక్కసారిగా జారి ఆగినప్పుడు తాడు మీద నర్తకి బరువుకు కొన్ని రెట్ల భారం పడవచ్చు. అందుకే ఆ ఘట్టానికి ముందు ఈమె తాడును బ్రేకులో బిగించి, ఒకసారి లాగి చూసి, అప్పుడు తల ఊపేది. పైనున్న నర్తకి ఆ తల ఊపు కోసమే ఆగేది. మిగతా ప్రేక్షకులు ఆ ఆగడాన్ని ఒక అందమైన భంగిమ అనుకొని చప్పట్లు కొట్టారు. (జారిన ప్రతిసారీ చప్పట్లు కొట్టే అలవాటు నాకు బొత్తిగా నచ్చదు, వస్త్రం బిగుసుకునే చప్పుడు కాదు కదా, సంగీతం కూడా వినబడదు.)

మూడో అంశం నడుస్తుండగా స్పీకర్లు ఆగిపోయాయి. నర్తకి అప్పుడు తలకిందులుగా, పన్నెండడుగుల ఎత్తున ఉంది. ఒక్క క్షణం తరువాత ఆ స్త్రీ తాడు వదలకుండానే మడమతో చెక్క నేల మీద తాళం వేయసాగింది, ఆ తాళానికే నర్తకి చివరిదాకా ఆడి దిగింది. మా ఊరి రచ్చబండ దగ్గర దొమ్మరివారు గడ పాతి ఆడిన రోజులు నాకు గుర్తొచ్చాయి: గడ మీది పిల్ల చూపు జనం మీద ఉండేది కాదు, కింద డోలు వాయించే తండ్రి మీదే ఉండేది. గడలపై ఆడే ఇటువంటివారిని పాల్కురికి సోమనాథుడు దేవకాంతలతో పోల్చాడు. మనం మాత్రం చేటెడు బియ్యం వేసి పంపించాము, ఇక్కడికొచ్చి టికెట్టు కొని ఆశ్చర్యపోతున్నాము.

ఇది సర్కస్సు కాదా అని కూడా మీరు అడిగారు. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో టెర్రీ సెండ్‌గ్రాఫ్ అనే నర్తకి ట్రపీజును (సర్కస్సులో తాళ్ళకు వేలాడే ఊగుడు కర్రను) నేలకు దగ్గరగా దించి, నేల మీది నడకను, గాలిలోని ఊపును ఒకే నృత్యంగా కలిపింది. నా దృష్టిలో తేడా అక్కడే ఉంది. నేల కూడా నృత్యంలో భాగమైనప్పుడు నేల మీద నిలబడి తాడు పట్టిన మనిషి నర్తకి కాకుండా ఎలా పోతుంది? ఆ రోజు కరపత్రంలో మాత్రం ఆమె పేరు కుర్చీలు వేసినవారి పేర్ల తరువాత వచ్చింది. అందరూ వంగి నమస్కరిస్తున్నప్పుడు ఆమె తాడు చుట్టుకుంటోంది.

కాబట్టి టికెట్టు కొనేముందు తాడు ఏ వైపు కడుతున్నారో ఫోన్ చేసి కనుక్కోండి. ఆ వైపు కుర్చీలు చివరిదాకా మిగిలే ఉంటాయి.