వారానికొక్కసారి వేసుకోవాల్సిన మాత్ర రోజూ వేసుకుంటే?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా. రాశారు. మందుల షాపతను కవరు మీద ‘రాత్రి 1’ అని రాసిచ్చాడు. ఎనిమిది రోజులు రోజూ వేసుకుంది. నోరంతా పూసి అన్నం మింగలేకపోతోంది. మాత్ర ఆపేశాం, సరిపోతుందా? తప్పు ఎవరిది?

జవాబు: సరిపోదు. ఇవాళే, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రెండు నెలల్లో వేసుకోవాల్సిన 120 మి.గ్రా. మందు ఎనిమిది రోజుల్లో ఒంట్లోకి వెళ్లింది. స్ట్రిప్పు, కవరు, చీటీ వెంట ఉంచుకోండి. క్యాజువాలిటీలో మొదటి మాటే ‘మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంది’ అని చెప్పండి. వట్టి నోటిపూత అంటే బి-కాంప్లెక్స్ రాసి పంపేసే ప్రమాదం ఉంది.

వేగంగా పుట్టే కణాలను ఈ మందు ఆపేస్తుంది. నోటి పొర పైకి కనిపిస్తుంది కాబట్టి మీకు తెలిసింది. ఎముక మూలుగలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతున్నా పైకి తెలియదు. సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), లివర్ పరీక్షలు చేయించాలి. ఇవాళ కౌంట్ బాగుందని ఊరుకోవద్దు, తర్వాతి రోజుల్లో పడిపోవచ్చు, మళ్లీ మళ్లీ చూడాలి. రక్తంలో మందు స్థాయి తక్కువ వచ్చినా ధీమా పడకూడదు, అది అప్పటికే కణాల్లోకి చేరి ఉంటుంది.

దీనికి విరుగుడు ల్యూకోవోరిన్. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ దానికి బదులు కాదు. ఫోలిక్ యాసిడ్ పనిచేయాలంటే ఏ ఎంజైమ్ కావాలో, మెథోట్రెక్సేట్ సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. ఈలోగా నొప్పి మాత్రలు, కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ వెయ్యకండి. జ్వరం వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా గంట కూడా ఆగొద్దు.

తప్పంటారా, మీరు చెప్పినదాన్ని బట్టి కవరు మీద రాసిన షాపుది. అయితే చీటీ కూడా ఒకసారి చూడండి. ‘వారానికి ఒకసారి’ అని పూర్తిగా రాయకుండా ఓడబ్ల్యూ అని పొడి అక్షరాలు గీకితే, తొందరలో ఓడీ అని, అంటే రోజూ అని చదువుతారు. ఫిర్యాదు చేయదలిస్తే ఆ కాగితాలే ఆధారం, ఎవరికిచ్చినా జిరాక్సే ఇవ్వండి. మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రోగి రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. ముందు వైద్యం కానివ్వండి.

కీళ్ల డాక్టరు చెప్పేదాకా ఈ మందు మళ్లీ మొదలుపెట్టొద్దు. మొదలుపెట్టిన రోజు వారం పేరు చీటీ మీదే రాయించండి: ‘బుధవారం మాత్రమే’. చాలా బ్రాండ్లలో ఇదీ, ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న పసుపు మాత్రలే, రెండూ ఒకే డబ్బాలో పెట్టకండి. 15 మి.గ్రా. మాత్రలైతే నెలకు నాలుగో అయిదో చాలు, అంతకు మించి ఇంట్లో ఉంచొద్దు.