స్పిన్నర్‌కి ట్రెబుల్ హుక్ ఉంచాలా, తీసేయాలా?

తమ్ముడూ, స్పిన్నర్‌కి (నీళ్లలో లాగితే రేకు గిర్రున తిరిగే గాలపు ఎర) ఉన్న ట్రెబుల్ హుక్‌ను (మూడు కొనల కొక్కెం) నిబంధనల్లో ఒకటిగా లెక్కేస్తారా, మూడుగానా అని అడిగావు. దారం మెలిపడుతోందని కూడా అన్నావు.

లెక్క చోటును బట్టి మారుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నదుల్లో అయితే ముల్లు (కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే మొన) లేని ఒంటి కొక్కేనికే అనుమతి, ట్రెబుల్ చెల్లదు. బెంగళూరు నుంచి కావేరికి వెళ్తున్నావు కాబట్టి ముందు చూడాల్సింది హుక్ కాదు, చోటు. అభయారణ్యం లోపల అనుమతి లేకుండా గాలం వేయకూడదు. కావేరిలోని మూపురం మహసీర్ చేప 2018లో ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ) ఎర్ర జాబితాకెక్కింది, అదీ అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా.

నేనైతే ట్రెబుల్ తీసేసి, ఒక సైజు పెద్ద సింగిల్ హుక్ వేసి, ముల్లును ప్లయర్‌తో నొక్కేస్తా. రాళ్లలో చిక్కుకోవడం తగ్గుతుంది, చేపను వదలడమూ తేలిక. మెలికకు మందు స్వివెల్, అంటే దారం మెలిపడకుండా తనే తిరిగే చిన్న లోహపు కీలు. స్పిన్నర్‌కి రెండు జానల ముందు కట్టు. మరీ చవకది కొనకు, అది తిరగనే తిరగదు!