దూడలకు మూడో సూది వద్దు, ముందు పొలుసుల పరీక్ష చేయించండి

ప్రశ్న: మా నాలుగు జెర్సీ సంకర దూడలకు (5–8 నెలలు) కళ్ల చుట్టూ, మెడ మీద రూపాయి బిళ్లంత మచ్చలు వచ్చి వెంట్రుకలు ఊడుతున్నాయి. గజ్జి అని మందుల షాపులో చెబితే ఐవర్‌మెక్టిన్ రెండుసార్లు వేయించాను. తగ్గలేదు. మూడోసారి వేయించాలా? మా అబ్బాయి ముంజేతి మీద కూడా అలాంటి మచ్చే వచ్చింది.
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: వేయించకండి. మీరు పంపిన ఫొటోలు చూస్తే ఇది గజ్జిలా లేదు, తామరలా ఉంది. గజ్జి పట్టిన దూడ ఆగకుండా గోడకు, గుంజకు రుద్దుకుంటుంది, చర్మం మందమై ముడతలు పడుతుంది. మీ దూడలకు మచ్చలు గుండ్రంగా, బూడిద రంగు పక్కు కట్టి ఉన్నాయి. తామర పశువుల నుంచి మనుషులకూ అంటుతుంది కాబట్టి, అబ్బాయికీ వచ్చిందంటే అనుమానం ఇంకా బలపడుతోంది. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. ఐవర్‌మెక్టిన్ పురుగుల మందు, శిలీంధ్రాన్ని ఏమీ చేయదు.

అయినా ఫొటో చూసి నేను చెప్పేది అనుమానమే. మైక్రోస్కోప్ కింద చూస్తేనే ఖాయం. నమూనా పశువైద్యుడి చేత తీయించండి. మచ్చ మధ్యలో కాదు, అంచున తీయాలి; శిలీంధ్రం చురుగ్గా ఉండేది అక్కడే. స్పిరిట్ దూదితో తుడిచి, ఆరాక, మొద్దు బ్లేడుతో పొలుసులు గీరి, విరిగిన వెంట్రుకలు పది పదిహేను కుదుళ్లతో సహా పీకాలి. కాగితం కవరులోనే పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి వేరే బూజు పడుతుంది. అంతవరకు మచ్చలకు ఏ మందూ పూయకండి. ఇప్పటికే పూసి ఉంటే డాక్టరుకు చెప్పండి.

ల్యాబులో 10–20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో 20–30 నిమిషాలు నానబెట్టి చూస్తారు. తామరైతే వెంట్రుక చుట్టూ శిలీంధ్రం గుండ్రటి బీజాలు పూసల దండ చుట్టినట్టు కనిపిస్తాయి. గజ్జి పురుగు కోసం మాత్రం నెత్తురు చెమ్మ కనిపించేదాకా లోతుగా గీరాలి. రెండు రకాల నమూనాలూ ఒకేసారి తీయమని అడగండి. ఒకసారి ఏమీ కనిపించకపోతే రోగం లేదని అనుకోవద్దు, మళ్లీ తీయించాలి.

తామరే అని తేలితే: చేతికి గ్లౌజులు వేసుకుని, గోరువెచ్చని సబ్బు నీటితో పక్కు నానబెట్టి మెల్లగా తీసి కాల్చేయండి. క్లోట్రిమజోల్ 1 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు, మచ్చ అంచు దాటి ఒక అంగుళం మేర, రెండు మూడు వారాలు పూయండి. కళ్లలో పడనివ్వకండి. తామరకు మింగించే గ్రిసియోఫల్విన్ మాత్రలు సొంతంగా తెచ్చి వేయకండి, చూడి పశువులకైతే అసలే వద్దు. దూడలను విడిగా, ఎండ తగిలే చోట కట్టండి. పేడ ఎత్తి కడిగాక, 9 లీటర్ల నీటికి ఒక లీటరు సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ ద్రావణం (5 శాతం) కలిపి గుంజలు, తొట్లు, గోడలు తడపండి. దూడలు లోపల ఉండగా చల్లకండి. ఈ బీజాలు కొట్టంలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

షాపులో కూర్చుని రోగం పేరు చెప్పేవాళ్లను నమ్మి ఎన్ని దూడలను గుల్ల చేసుకుంటారు? రెండు సూదుల ఖర్చు పోయింది, ఈలోగా జబ్బు ఇంట్లోకి వచ్చింది. అబ్బాయికి షాపు క్రీము పూయకండి. వాటిలో చాలావాటికి స్టెరాయిడ్ కలుస్తుంది. దురద తగ్గినట్టుంటుంది గానీ తామర లోపల పాకుతూనే ఉంటుంది. ఈ వారంలోనే చర్మ వైద్యుడికి చూపించి, దూడల సంగతి చెప్పి, అతనికీ ఇదే పరీక్ష చేయించండి.