నాలుగైదులు పన్నెండు ఎట్లా?

ప్రశ్న: ఏడో తరగతి పిల్లలకు ఆలిస్ అద్భుతలోకం కథ చదివి వినిపిస్తున్నం. అందులో ఆ పిల్ల ‘నాలుగైదులు పన్నెండు, నాలుగారులు పదమూడు, నాలుగేడులు... అయ్యో, ఇట్లయితే ఇరవైకి ఎన్నడూ చేరను’ అంటది. ఇది వట్టి తికమకేనా, లోపల లెక్క ఉన్నదా?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: ఉంది, చక్కటి లెక్క. 1865లో ఆ పుస్తకం తెచ్చిన లూయిస్ కరోల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డ్ క్రైస్ట్ చర్చ్‌లో గణితం చెప్పేవారు. కథలో వివరణ ఇవ్వలేదు గనక పుల్లలతో చేసి చూపండి.

52 చీపురు పుల్లలు, ఒక రబ్బరు బ్యాండు చాలు. మామూలుగా పదేసి కట్టలు కడతాం. ఇక్కడ కట్ట పెరుగుతూ పోతుంది. 4×5కి 20 పుల్లలు తీసి 18 కట్టండి. కట్ట 1, విడి 2: అదే 12. 4×6కి 24 పుల్లలు, కట్టకు 21: 13. 4×7కి 28, కట్టకు 24: 14. లబ్ధం 4 చొప్పున, కట్ట 3 చొప్పున పెరుగుతాయి కాబట్టి విడి పుల్ల ఒక్కటే పెరుగుతుంది. 4×12కి 48 పుల్లలు, కట్టకు 39: 19.

తర్వాతది 20 అని పిల్లలంతా అంటారు. అననివ్వండి. 52 తీసి 42 కట్టిస్తే విడిగా 10 మిగులుతాయి. 20 అని రాయాలంటే రెండు కట్టలు, అంటే 84 పుల్లలు ఉండాలి! ఈ పద్ధతిలో పదికి ఒకే గుర్తు కావాలి. ‘ప’ అనుకుంటే జవాబు 1ప. ఎంత దూరం పోయినా అంతే: గుణించిన సంఖ్యకన్నా విడి పుల్లలు 3 తక్కువ, కట్టేమో గుణించిన సంఖ్యకు మూడు రెట్లు, పైన మరో 3. రెండో కట్ట ఎన్నడూ నిండదు.

పొరపాట్లు రెండు చోట్ల వస్తాయి. 13ను ‘పదమూడు’ అని చదివితే పది కట్ట మళ్లీ మనసులోకి వస్తుంది. ‘ఒకటి, మూడు’ అనిపించండి. కట్టను 18 దగ్గరే ఉంచితే 24 పుల్లలకు 16 వచ్చి వరుస తప్పుతుంది.

ఇంగ్లిష్ ఎక్కం 12తో ఆగుతుంది, కాబట్టి ఆలిస్ 19 దగ్గరే ఆగిపోతుందన్న తేలిక వివరణ కూడా ఉంది. ‘ఎన్నడూ’ అన్న మాటకు పుల్లల లెక్కే సరిపోతుందని మా అభిప్రాయం.

ప్రశ్న: మన ఏడు చేపల కథలో ఇటువంటిది ఏమన్నా ఉందా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: తర్కం ఉంది. చీమ కుట్టింది, పాప ఏడ్చింది, అట్లా గొలుసు చేప దాకా పోతుంది. పిల్లలను ఇది అడగండి: చీమ కుట్టకపోతే చేప ఎండేదా? ఎండేదంటారు. అది తప్పు; మబ్బు పట్టినా చేప ఎండదు. గొలుసు కచ్చితంగా చెప్పేది తిరగేస్తేనే తెలుస్తుంది: చేప ఎండిందంటే చీమ కుట్టలేదు.