డిజైన్ సందేహాలు: ఒత్తులు ఎందుకు తెగుతాయి?

ప్రశ్న: మా యాప్‌లో ఇంగ్లిష్ చక్కగా ఉంది. భాష తెలుగుకు మార్చగానే 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల అడుగు తెగిపోతోంది. లీడింగ్ పెంచమని ఒకరు, కెర్నింగ్ చూడమని ఇంకొకరు అంటున్నారు. ఏది సరి?

జవాబు: లీడింగే. కెర్నింగ్ పక్కపక్కనున్న రెండు అక్షరాల మధ్య ఎడం, ట్రాకింగ్ లైను పొడవునా అక్షరాల ఎడం. ఈ రెంటితో మీకు పనిలేదు. లీడింగ్ అంటే లైనుకూ లైనుకూ మధ్య దూరం. అచ్చు అక్షరాల కాలంలో లైన్ల మధ్య పెట్టిన సీసపు పట్టీల వల్ల ఆ పేరొచ్చింది. ఇన్‌డిజైన్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) తనంతట తాను అక్షరం సైజులో 120 శాతం లీడింగ్ ఇస్తుంది: 10 పాయింట్ల అక్షరానికి 12. ఇంగ్లిష్‌కు అది చాలు. మనకు చాలదు. 'ష్ట్ర'లో ష కిందికి ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు దిగుతాయి. కింది లైనులో సరిగ్గా అక్కడే 'కీ' వస్తే గుడిదీర్ఘం పైకి లేచి వాటిని గుద్దుకుంటుంది. 10 పాయింట్లకు 15, 16 ఇచ్చి ఈ మాటలతోనే పరీక్షించండి. వెబ్‌లో, యాప్‌లో లైన్ హైట్ (లీడింగ్‌కు అక్కడి పేరు) అక్షరం సైజుకు 1.6 రెట్ల దగ్గర మొదలుపెట్టండి.

బటన్ ఎత్తును ఒకే అంకెకు బిగించినా ఒత్తులు తెగుతాయి. కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) అని మాత్రం చెప్పి (వేలితో తాకే చోటుకు ఆండ్రాయిడ్ సూచించే కొలత అదే) పైనా కిందా పాడింగ్, అంటే మాటకూ అంచుకూ మధ్య ఖాళీ, ఇవ్వండి, పెట్టె అదే పెరుగుతుంది. అక్షరాన్ని చిన్నది చేసి మాత్రం ఇరికించొద్దు. అసలే చిన్నవైన ఒత్తులే ముందు చదవరాకుండా పోతాయి.

ఇన్‌డిజైన్‌లో ఒత్తు తెగకుండా విడిపోయి పక్కన పడుతుంటే అది వేరే సమస్య. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ (ఒత్తులున్న లిపులను సరిగ్గా కూర్చే అమరిక) పెట్టండి.

ప్రశ్న: పెళ్లి శుభలేఖ ఫైలు ఇస్తే ప్రెస్సువాళ్లు 'బ్లీడ్ లేదు, ఆర్‌జీబీలో ఉంది' అని తిప్పి పంపారు. అంటే ఏమిటి?

జవాబు: కటింగ్ మిషన్ అటూ ఇటూ కాస్త జరిగినా అంచున తెల్ల గీత పడకుండా రంగును అన్ని వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించడమే బ్లీడ్. 127 × 178 మిల్లీమీటర్ల కార్డుకు ఫైలు 133 × 184 ఉండాలి. పేర్లు, ముహూర్తం అంచుకు 5 మిల్లీమీటర్లు లోపలే ఉంచండి.

ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) తెర వెలుగు, సీఎంవైకే (సయాన్, మజెంటా, పసుపు, నలుపు) ప్రెస్సు సిరా. ప్రెస్సుకు ఫైలు సీఎంవైకేలోకి మార్చి ఇవ్వాలి. తెర మీద మెరిసే నెమలి నీలం కాగితం మీద మందగిస్తుంది, కాబట్టి మార్చాక ఒకసారి చూసుకోండి. నల్ల అక్షరాల సంగతి ఇంకా ముఖ్యం. మార్పిడిలో ఆ నలుపు నాలుగు సిరాలుగా విడిపోతుంది. ఒక్కో సిరాను అచ్చువేసే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్న అక్షరం చుట్టూ రంగు నీడలొస్తాయి. అక్షరాలకు కే (నలుపు సిరా) 100, మిగతా మూడూ 0 పెట్టండి. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: యాప్ డిజైన్‌లో వైర్‌ఫ్రేమ్, మాకప్, ప్రోటోటైప్ ఒకటేనా?

జవాబు: కావు. వైర్‌ఫ్రేమ్‌లో గీతలు, పెట్టెలే. మాకప్‌లో రంగులు, ఫాంట్లు చేరతాయి. ప్రోటోటైప్‌ను నొక్కితే స్క్రీను మారుతుంది. తెలుగు యాప్ అయితే వైర్‌ఫ్రేమ్‌లోనే అసలు మాటలు రాయండి. 'సేవ్' పట్టిన చోట 'భద్రపరచండి' పట్టదు.