సైలేన్ విఘటనకు ఆర్డర్ 1.5 వస్తే అది రాడికల్ శృంఖల చర్యే అనుకోవాలా?

మీరు అడిగినవి రెండు. 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర సైలేన్ (SiH4 వాయువు) విడిపోయే చర్యకు ఆర్డర్, అంటే రేటు పీడనంతో ఏ ఘాతంలో పెరుగుతుందో చెప్పే సంఖ్య, 1.5 వచ్చింది కాబట్టి ఫ్రీ రాడికల్స్ (జంట లేని ఎలక్ట్రాన్ గల ముక్కలు) ఉన్నట్టేనా? అదే పాత్రలో జర్మేన్ (GeH4 వాయువు) పెడితే రన్‌కో రేటు ఎందుకొస్తోంది? పీహెచ్‌డీలో నాకు ఏడాది పైనే ఈ రెండింటితో గడిచింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1.5 కనబడగానే రాడికల్స్ గుర్తుకు రావడం సహజం. ఎసిటాల్డిహైడ్ విడిపోయే రాడికల్ శృంఖల చర్యకు ఆర్డర్ 1.5 అని చదివిన పాఠంతో మనందరికీ అలాగే అలవాటవుతుంది. సైలేన్‌కు ఆ అలవాటు పనికిరాదు. 1966లో రసాయన శాస్త్రజ్ఞులు పర్నెల్, వాల్ష్ ఇదే చర్యను కొలిచినప్పుడు కూడా ఆర్డర్ 1.5 దగ్గరే వచ్చింది. అంటే మీ కొలత బాగానే ఉంది, దానికి చెప్పుకునే అర్థమే మారాలి.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. సైలేన్‌లో మొదటి సిలికాన్-హైడ్రోజన్ బంధం తెగాలంటే మోల్‌కు సుమారు 384 కిలోజౌల్స్ కావాలి. అదే అణువు హైడ్రోజన్‌ను జంటగా వదిలేసి సిలిలీన్‌గా (SiH2) మారడానికి 250 చాలు. 400 డిగ్రీల దగ్గర ఈ తేడా వల్ల బంధం తెగే దారి వందల కోట్ల రెట్లు వెనకబడిపోతుంది. మీథేన్‌ను చూసి సైలేన్‌ను ఊహిస్తే పొరపాటు పడేది ఇక్కడే. సిలిలీన్‌లో ఎలక్ట్రాన్లు జంటగా ఉండే స్థితే తక్కువ శక్తి గలది, మిథిలీన్‌లో అలా కాదు.

మరి 1.5 ఎక్కడిది? అణువు విడిపోవాలంటే ముందు అభిఘాతాల వల్ల, అంటే ఇతర అణువులు ఢీకొనడం వల్ల, దానికి శక్తి అందాలి. పీడనం బాగా ఎక్కువైతే ఆర్డర్ 1, బాగా తక్కువైతే 2. సైలేన్ చిన్న అణువు, అందిన శక్తిని దాచుకునే చోటు తక్కువ. అందుకే వాతావరణ పీడనం దగ్గర కూడా అది మధ్యలోనే ఉంటుంది. మీ ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అడ్డంకి) పుస్తకంలోని విలువ కంటే కొంచెం తక్కువగా వస్తే కంగారు పడకండి, అదీ ఇందువల్లే. పర్నెల్, వాల్ష్‌లకు 234 కిలోజౌల్స్ దగ్గర వచ్చింది.

నిర్ధారించుకోవడానికి సైలేన్ పీడనం మార్చకుండా ఆర్గాన్ కలుపుతూ పోండి. రేటు పెరుగుతూ ఉంటే అభిఘాతాలదే పాత్ర అని గట్టిగా చెప్పొచ్చు. రాడికల్స్‌ను పట్టడానికి ఇథిలీన్ కలపమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం తొందరపడకండి. సిలిలీన్ కూడా ఇథిలీన్‌తో చర్య జరుపుతుంది, ఫలితం ఏ వైపు సాక్ష్యమో తేలదు.

ఇక నేను నెల రోజులు పోగొట్టుకున్న విషయం. పీడనం పెరుగుదలను బట్టి రేటు లెక్కకట్టేవాణ్ణి. మొదట చాలాసేపు గేజ్ దాదాపు కదిలేది కాదు. చర్య ఆలస్యంగా మొదలవుతోందని నోట్‌బుక్‌లో నమ్మకంగా రాసుకున్నాను. నిజానికి చర్య మొదటి నిమిషం నుంచే నడుస్తోంది. పుట్టిన సిలిలీన్ వెంటనే ఇంకో సైలేన్‌లో దూరి డైసైలేన్ అవుతుంది. రెండు సైలేన్ అణువులు పోయి ఒక డైసైలేన్, ఒక హైడ్రోజన్ వస్తాయి. రెండుకు రెండే! గేజ్‌కు ఏం తెలుస్తుంది? ఆ తర్వాత ద్రవ నైట్రోజన్‌తో మిగతావన్నీ గడ్డకట్టించి, గ్యాస్‌గా మిగిలిన హైడ్రోజన్‌ను మాత్రమే కొలవడం మొదలుపెట్టాను. మొదటి పాయింట్ నుంచే గీత తిన్నగా వచ్చింది. మీరు గేజ్ మీదే ఆధారపడుతుంటే ముందు ఇది సరిచేసుకోండి.

జర్మేన్ సంగతి వేరు, అక్కడ గోడలే చర్య నడిపిస్తాయి. నా కొత్త క్వార్ట్జ్ పాత్రలో మొదటి రన్ చాలా మెల్లగా నడిచింది. రెండో రన్ తర్వాత లోపల పల్చటి గోధుమ రంగు మరక కనిపించింది, రేటు పెరిగింది. అయిదో రన్‌కల్లా పాత్ర అద్దంలా మెరిసింది, అక్కడి నుంచి రేట్లు ఒకదానికొకటి సరిపోయాయి. జర్మేనియం పొర పరుచుకునే కొద్దీ చర్యకు చోటు పెరిగిందన్నమాట. తమారు, బూదార్, టేలర్ 1955లోనే 280 డిగ్రీల ప్రాంతంలో ఇలాంటి పొర మీద జీరో ఆర్డర్ చూపించారు. ఉపరితలం నిండిపోయి ఉంటే పీడనం పెంచినా ప్రయోజనం ఉండదు.

కాబట్టి కొలతలకు ముందే కొన్నిసార్లు జర్మేన్ విడగొట్టి పొర పట్టించండి, మధ్యలో గాలి తగలనివ్వకండి. తర్వాత ఉపరితలం పెరిగేలా క్వార్ట్జ్ ముక్కలు నింపి మళ్లీ కొలవండి. రేటు మారితే మీరు కొలుస్తున్నది గోడ మీది చర్యనే. వాయు దశలో జరిగేది మాత్రమే కావాలంటే ఈ పాత్రతో కుస్తీ పట్టకండి. షాక్ ట్యూబ్‌లో గ్యాస్ సెకనులో వెయ్యో వంతు సేపు వేడెక్కుతుంది, గోడ చల్లగానే ఉంటుంది. రింగ్, ఓనీల్ బృందం సైలేన్‌కూ జర్మేన్‌కూ ఆ దారే పట్టింది.

గ్యాస్ లైన్ విప్పే ముందు పూర్తిగా ఖాళీ చేసి, జడవాయువుతో రెండు మూడుసార్లు కడగండి. సైలేన్ గాలి తగలగానే అంటుకుంటుంది, జర్మేన్ విషం. ఆర్గాన్ రన్ల ఫలితాలు వచ్చాక ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.